సెల్ టవర్ సామగ్రి చోరీ కేసులో మీ దుకాణంలో సోదా చేశారా? సెర్చ్ వారెంట్‌ను ఎలా, ఎక్కడ సవాలు చేయొచ్చు?

రాజమహేంద్రవరంలో ఒక పాత ఇనుప సామాన్ల దుకాణం ఉందనుకుందాం. ఉదయాన్నే పోలీసు జీపు వచ్చి ఆగింది. సెల్ టవర్ దగ్గర చోరీ అయిన బ్యాటరీలు, రాగి కేబుళ్లు ఇక్కడికి చేరాయని సమాచారం ఉందన్నారు. ఒక కాగితం చూపించి లోపలికి వెళ్లారు. గంట తర్వాత రెండు బస్తాల రాగి తీగ, ఆరు బ్యాటరీలు, కొనుగోళ్ల పుస్తకం, యజమాని ఫోన్ పట్టుకెళ్లారు.

యజమాని దొంగసొత్తు అని తెలిసే కొన్నాడా, తెలియక కొన్నాడా అన్నది కోర్టు తేల్చాల్సిన విషయం. అందుకు నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు. ఈలోగా సరకు లేదు, లెక్కల పుస్తకం లేదు, ఫోన్ లేదు. ఆ రోజు చూపించిన కాగితం చట్టప్రకారం ఉందా, సోదా నిబంధనల ప్రకారం జరిగిందా అన్న ప్రశ్న అందుకే ముఖ్యం. దుకాణదారులకే కాదు, టవర్ కోసం స్థలం అద్దెకిచ్చిన వారికి, సెకండ్‌హ్యాండ్ ఫోన్లు అమ్మేవారికి, తెలియని వ్యక్తికి గది అద్దెకిచ్చిన ఇంటి యజమానికి కూడా ఈ పరిస్థితి రావొచ్చు.

టెలికాం చోరీ అంటే ఏవేవి వస్తాయి?

మూడు రకాలుగా చూడొచ్చు.

మొదటిది వస్తువుల చోరీ. టవర్ల దగ్గరి బ్యాటరీలు, డీజిల్, పైన బిగించే రేడియో యూనిట్లు, భూమిలోని రాగి కేబుళ్లు ఇందులోకి వస్తాయి. చోరీకి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 303, దొంగసొత్తు అని తెలిసి తీసుకుంటే సెక్షన్ 317 వర్తిస్తాయి. టెలిగ్రాఫ్ రాగి తీగను అక్రమంగా దగ్గర ఉంచుకోవడంపై 1950లో ప్రత్యేక చట్టమే తెచ్చారు. అది 2023లో రద్దయింది. ఇప్పుడు ఆధారం సాధారణ చోరీ సెక్షన్లే.

రెండోది సేవల చోరీ. విదేశాల నుంచి ఇంటర్నెట్ ద్వారా వచ్చే కాల్స్‌ను, పదుల కొద్దీ సిమ్‌లు పెట్టిన సిమ్ బాక్స్‌తో లోకల్ కాల్స్‌గా మార్చడం దీనికి ఉదాహరణ. అనుమతి లేకుండా టెలికాం సేవలు అందిస్తే టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023లోని సెక్షన్ 42 కింద 3 ఏళ్ల వరకు జైలు, లేదా 2 కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

మూడోది గుర్తింపు మార్చడం. హ్యాండ్‌సెట్ నంబరును చెరిపేయడం, మార్చడం, మోసంతో సిమ్‌లు తీసుకోవడం లాంటివి.

ఏ రకం కేసో ముందు తెలుసుకోవాలి. సోదా చేసే అధికారం ఎవరికి ఉంటుందన్నది దాన్ని బట్టే మారుతుంది.

అసలు వారెంట్ లేకుండా రావొచ్చా?

రావొచ్చు. చాలామందికి తెలియని విషయం ఇదే. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) మూడు దారులు చూపిస్తోంది.

సెక్షన్ 185: స్టేషన్ హౌస్ ఆఫీసర్ లేదా దర్యాప్తు అధికారి వారెంట్ లేకుండానే సోదా చేయొచ్చు. అయితే దర్యాప్తుకు అవసరమైన వస్తువు అక్కడ ఉందని, ఆలస్యమైతే దొరకదని నమ్మడానికి తగిన కారణాలు ఉండాలి. ఆ కారణాలను, వెతకబోయే వస్తువు ఏమిటన్నదాన్ని ముందుగానే కేస్ డైరీలో రాయాలి. ఆ రికార్డు ప్రతులను 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కు పంపాలి. దరఖాస్తు చేస్తే ఇంటి యజమానికి మేజిస్ట్రేట్ ఆ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి.

సెక్షన్ 96: ఇది కోర్టు ఇచ్చే సెర్చ్ వారెంట్. సమన్లు ఇచ్చినా ఆ వ్యక్తి పత్రం గానీ వస్తువు గానీ తెచ్చి ఇవ్వడని కోర్టు భావించినప్పుడు, అది ఎవరి దగ్గరుందో తెలియనప్పుడు, లేదా విచారణకు సాధారణ సోదా అవసరమైనప్పుడు ఇస్తుంది.

సెక్షన్ 97: దొంగసొత్తు దాచే, అమ్మే చోటుకు ఇచ్చే వారెంట్. స్క్రాప్ దుకాణాలకు, గోదాములకు ఎక్కువగా వర్తించేది ఇదే. జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ మాత్రమే ఇవ్వగలరు. కానిస్టేబుల్ కన్నా పై హోదా ఉన్న పోలీసు అధికారికే ఇవ్వాలి.

వీటికి తోడు టెలికమ్యూనికేషన్స్ చట్టం సెక్షన్ 43 ఉంది. అనుమతి లేని టెలికాం నెట్‌వర్క్, పరికరాలు ఉన్నాయని నమ్మే కారణం ఉంటే, కేంద్ర ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారి ఆ చోటును సోదా చేసి వాటిని స్వాధీనం చేసుకోవచ్చు. ఈ సెక్షన్ 2024 జూన్ 26న అమల్లోకి వచ్చింది. సిమ్ బాక్స్ కేసులో ఈ సెక్షన్ పేరు చెప్పి వస్తే, వచ్చిన అధికారికి ఆ అధికారం ఇచ్చిన ఉత్తర్వు ఉందా అని అడగడం సమంజసమే.

చేతికిచ్చిన కాగితంలో ఏం చూడాలి?

సెక్షన్ 103 ప్రకారం వారెంట్ చూపించాకే లోపలికి దారి ఇవ్వాల్సిన బాధ్యత మీపై ఉంటుంది. కాబట్టి చూపించమని అడగడం అడ్డుకోవడం కిందకు రాదు. ఈ అయిదూ చూడండి.

1. ఎవరు జారీ చేశారు? సంతకం, కోర్టు ముద్ర, తేదీ ఉన్నాయా? ఆ హోదా ఉన్న అధికారికి ఆ సెక్షన్ కింద అధికారం ఉందా?

2. ఏ సెక్షన్ కింద ఇచ్చారు? ఎఫ్ఐఆర్ నంబరు ఉందా?

3. ఏ చోటు? డోర్ నంబరు, వీధి మీ దుకాణానివేనా? వారెంట్‌లో ఫలానా గది, ఫలానా గోదాము అని పరిమితి పెడితే సోదా అక్కడితో ఆగాలి. దుకాణానికి ఇచ్చిన వారెంట్‌తో వెనకనున్న ఇంట్లోకి వెళ్లారా అన్నది గమనించండి.

4. ఏ వస్తువులు? 'చోరీ అయిన టవర్ బ్యాటరీలు' అని ఉంటే అయిదేళ్ల నాటి ఇంటి దస్తావేజులు ఎందుకు తీసుకెళ్లారన్న ప్రశ్న వస్తుంది. ఇక్కడో మెలిక ఉంది. నేరంతో సంబంధం ఉందని అనుమానం కలిగిన వస్తువును స్వాధీనం చేసుకునే అధికారం సెక్షన్ 106 కింద పోలీసులకు విడిగా ఉంది. కాబట్టి వారెంట్‌లో లేని ప్రతి వస్తువూ అక్రమంగా తీసుకెళ్లినట్టు కాదు. కేసుతో సంబంధం ఏమిటో వారు చెప్పగలగాలి.

5. ఏ స్టేషన్ వారు? సెక్షన్ 185 కింద తన స్టేషన్ పరిధిలోనే సోదా చేయాలి. రాజమహేంద్రవరం స్టేషన్ అధికారి గోదావరి వంతెన దాటి కొవ్వూరులో సోదా చేయాలంటే సెక్షన్ 186 ప్రకారం అక్కడి స్టేషన్‌ను కోరాలి. ఆలస్యమైతే ఆధారాలు పోతాయనుకుంటే తానే చేయొచ్చు. అప్పుడు అక్కడి స్టేషన్ అధికారికి వెంటనే నోటీసు, జాబితా ప్రతి పంపాలి. రెండు ఊళ్లు ఒకే జిల్లాలో ఉన్నా ఇదే నియమం.

మధ్యవర్తులు, జాబితా, వీడియో

మన దగ్గర 'మధ్యవర్తుల నివేదిక' అనే కాగితం గురించి వినే ఉంటారు. కొందరు పంచనామా అంటారు. సెక్షన్ 103 ప్రకారం సోదా మొదలుపెట్టే ముందే ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది స్వతంత్రులైన, గౌరవనీయులైన వ్యక్తులను పిలవాలి. అక్కడ ఎవరూ దొరక్కపోతే, రావడానికి ఒప్పుకోకపోతే వేరే ప్రాంతం వారిని పిలవొచ్చు. వారి ఎదుటే సోదా జరగాలి. ఏ వస్తువు ఎక్కడ దొరికిందో జాబితా రాసి సంతకాలు తీసుకోవాలి. ఆ సమయంలో అక్కడ ఉండే హక్కు మీకు ఉంది. సంతకాలైన జాబితా ప్రతి మీకు ఇవ్వాలి. మహిళను తనిఖీ చేయాల్సి వస్తే మహిళే చేయాలి.

కొత్త చట్టంలో వచ్చిన పెద్ద మార్పు సెక్షన్ 105. సోదా, స్వాధీనం, జాబితా రాయడం, సాక్షుల సంతకాలు మొత్తం ఆడియో, వీడియోగా రికార్డు చేయాలి. మొబైల్ ఫోన్‌తో తీసినా చాలు. ఆ రికార్డింగ్‌ను ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. సెక్షన్ 185 కింద వారెంట్ లేకుండా చేసే సోదాకూ ఇది వర్తిస్తుంది. స్టేషన్‌లో కూర్చుని రాసి తెచ్చిన నివేదికపై సంతకాలు పెట్టించారన్న వాదన ఒకప్పుడు మాటకు మాటగా మిగిలిపోయేది. ఇప్పుడు వీడియో ఉందా, ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అని కోర్టును అడిగే వీలుంది.

వారెంట్ చెల్లకపోతే కేసు కొట్టేస్తారా?

చాలామంది ఆశ ఇదే. సమాధానం మాత్రం నిరాశ కలిగించవచ్చు. సోదాలో చట్టాన్ని ఉల్లంఘించారన్న ఒక్క కారణంతో దొరికిన వస్తువు సాక్ష్యంగా పనికిరాకుండా పోదు. పూరన్ మల్ కేసు (1974)లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. కేసుకు సంబంధించిన సాక్ష్యమైతే, దాన్ని పక్కన పెట్టాలని చట్టంలో ప్రత్యేకంగా లేకపోతే, కోర్టు పరిశీలించవచ్చు. అక్రమ సోదాలో దొరికిన సాక్ష్యాన్ని చాలా సందర్భాల్లో బయట పెట్టేసే అమెరికా విధానం మన దగ్గర లేదు. సినిమాల్లో చూసి అలా అనుకుంటే పొరపాటే.

అంతేకాదు, అధికారం లేని మేజిస్ట్రేట్ పొరపాటున, సదుద్దేశంతో సెక్షన్ 97 వారెంట్ ఇచ్చినా, ఆ కారణం ఒక్కదానితో ప్రక్రియను రద్దు చేయకూడదని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 506 చెబుతోంది.

మరి సవాలు చేసి లాభమేంటి?

లాభం ఉంది. 1963లో రాధాకిషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇప్పటికీ డిఫెన్స్ లాయర్లకు ఆధారం. సోదా నియమాలు ఉల్లంఘిస్తే స్వాధీనం రద్దు కాకపోవచ్చు గానీ, ఆ సాక్ష్యాన్ని కోర్టు మరింత జాగ్రత్తగా పరిశీలించాల్సి ఉంటుందని అందులో పేర్కొంది.

టెలికాం చోరీ కేసుల్లో ఈ జాగ్రత్తకు చాలా విలువ ఉంది. బ్యాటరీకి, రేడియో యూనిట్‌కు సీరియల్ నంబరు ఉంటుంది. కంపెనీ రికార్డుతో సరిపోల్చవచ్చు. పైన తొడుగు కాల్చేసిన రాగి తీగకు ఏ గుర్తూ ఉండదు. అది ఏ టవర్‌దో, ఏ కేబుల్‌దో చెప్పడం కష్టం. అలాంటప్పుడు కేసు మొత్తం 'ఫలానా చోట, ఫలానా వారి ఎదుట దొరికింది' అన్న నివేదికపైనే నిలబడుతుంది. ఆ నివేదిక సరిగా లేదని తేలితే ప్రాసిక్యూషన్ బలహీనపడుతుంది. జాబితాలో సీరియల్ నంబర్లు రాశారా, రాగిని తూకం వేశారా, సీలు వేశారా అన్నవి అందుకే కీలకం.

రెండో లాభం, కేసుతో సంబంధం లేని వస్తువులు త్వరగా వెనక్కి రావడం. మూడోది, చట్టవిరుద్ధ సోదా వల్ల హక్కులకు భంగం కలిగిందని రాజ్యాంగ న్యాయస్థానాన్ని ఆశ్రయించే అవకాశం.

మన రాష్ట్రం నుంచి వెళ్లిన రెండు కేసులు

ఆంధ్రప్రదేశ్ 1986లో స్టాంపు చట్టం సెక్షన్ 73ను సవరించింది. కలెక్టర్ అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా బ్యాంకులోకి వచ్చి ఖాతాదారుల పత్రాలు తనిఖీ చేయడానికి, తీసుకెళ్లడానికి వీలు కల్పించింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కెనరా బ్యాంకు మధ్య నడిచిన ఈ వివాదంలో హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. 2004లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కారణాలు నమోదు చేయాలన్న నియమం లేకుండా, మార్గదర్శకాలు లేకుండా ఎవరికి పడితే వారికి సోదా అధికారం ఇవ్వడం కుదరదని, పత్రాలు బ్యాంకు చేతిలో ఉన్నంత మాత్రాన ఖాతాదారుడి గోప్యత పోదని తేల్చింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించాక ఈ వాదన మరింత బలపడింది.

రెండోది నేరుగా టెలికాం కేసు. 10,500 రూపాయల హ్యాండ్‌సెట్‌ను తొలి చెల్లింపుగా 3,350 రూపాయలకే ఇచ్చి, మూడేళ్లు తన నెట్‌వర్క్‌లోనే ఉండాలని రిలయన్స్ ఇన్ఫోకామ్ షరతు పెట్టింది. ఆ ఫోన్లలోని ఎలక్ట్రానిక్ నంబరును మార్చి టాటా ఇండికామ్‌లోకి తెస్తున్నారన్న ఫిర్యాదుపై 2003లో సీఐడీ కేసు పెట్టింది. హైదరాబాద్‌లోని టాటా ఇండికామ్ కార్యాలయాల్లో సోదాలు, అరెస్టులు జరిగాయి. నిందితులు కేసు కొట్టేయాలని హైకోర్టుకు వెళ్లారు. సెల్‌ఫోన్ కూడా ఐటీ చట్టం నిర్వచనం ప్రకారం కంప్యూటరేనని 2005 జులైలో హైకోర్టు చెప్పింది. ఐటీ చట్టం సెక్షన్ 65, కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద దర్యాప్తును ఆపడానికి నిరాకరించింది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. సోదా అధికారానికి హద్దు లేదని చూపించగలిగితే కోర్టు వింటుంది. దర్యాప్తు మొదట్లోనే మొత్తం కేసు కొట్టేయమంటే ఒప్పించడం కష్టం.

ఎక్కడ సవాలు చేయాలి?

*మేజిస్ట్రేట్ కోర్టు:* ముందు ఇక్కడికే. వారెంట్ నకలు, స్వాధీనం జాబితా, సెక్షన్ 185 రికార్డు, వీడియో మేజిస్ట్రేట్‌కు చేరిందా లేదా అన్న వివరాల కోసం దరఖాస్తు చేయాలి. సోదాలో లోపాలుంటే రాతపూర్వకంగా అప్పుడే రికార్డులో పెట్టించాలి. ఏడాది తర్వాత చెబితే 'అప్పుడెందుకు చెప్పలేదు' అన్న ప్రశ్న వస్తుంది.

*సెషన్స్ కోర్టు:* సెక్షన్ 438 కింద రివిజన్ వేయొచ్చు. అయితే మధ్యంతర ఉత్తర్వులపై రివిజన్ కుదరదన్న నిషేధం ఉంది. వారెంట్ ఉత్తర్వు దాని కిందకు వస్తుందన్న అభ్యంతరం ఎదురుకావొచ్చు. ఉమ్మడి తూర్పు గోదావరికి రాజమహేంద్రవరం, ఉమ్మడి పశ్చిమ గోదావరికి ఏలూరు జిల్లా న్యాయస్థాన కేంద్రాలు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినా, మీ స్టేషన్ ఏ కోర్టు పరిధిలో ఉందో లాయర్‌తో సరిచూసుకోండి.

*హైకోర్టు:* బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 528 కింద లేదా రాజ్యాంగం 226, 227 అధికరణల కింద అమరావతిలోని హైకోర్టుకు వెళ్లొచ్చు. అధికారం లేకుండా వారెంట్ ఇచ్చారు, మేజిస్ట్రేట్ కారణాలు చూడకుండా సంతకం చేశారు, వారెంట్‌లో చోటు, వస్తువు ఏదీ లేదు లాంటి మౌలిక లోపాలకు ఇది సరైన చోటు.

*విచారణ సమయంలో:* దర్యాప్తు అధికారిని, మధ్యవర్తులను క్రాస్ ఎగ్జామిన్ చేసేటప్పుడు. ఎక్కువ కేసుల్లో అసలు పోరు జరిగేది ఇక్కడే.

ఫోన్ తీసుకెళ్తే?

ఫోన్‌లో ఒక మనిషి జీవితమంతా ఉంటుంది. 2021లో కర్ణాటక హైకోర్టు స్మార్ట్‌ఫోన్, ఈ-మెయిల్ ఖాతాల తనిఖీకి సాధారణంగా సెర్చ్ వారెంట్ అవసరమని, అత్యవసరంలో అయితే కారణాలు నమోదు చేయాలని చెప్పింది. అది మన రాష్ట్రంలో తప్పనిసరిగా పాటించాల్సిన తీర్పు కాకపోయినా వాదనకు పనికొస్తుంది. జాబితాలో మోడల్, ఐఎంఈఐ నంబరు రాయించుకోండి. ఫోన్‌లోని డేటాను సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో హ్యాష్ విలువ ఉండాలి. ఫైలు మారలేదని చెప్పే డిజిటల్ సీలు లాంటిది అది.

సరకు తిరిగి రావాలంటే?

వారెంట్‌పై పోరాటం తేలేదాకా ఆగక్కర్లేదు. సెక్షన్ 497 లేదా 503 కింద మేజిస్ట్రేట్‌ను అడగొచ్చు. కోర్టు ముందుకొచ్చిన వస్తువుల వివరాలు 14 రోజుల్లో రాయించి, ఫొటోలు, అవసరమైతే వీడియో తీయించి, ఆ తర్వాత 30 రోజుల్లో వాటిని ఏం చేయాలో తేల్చాలని సెక్షన్ 497 చెబుతోంది. స్వాధీనం చేసుకున్న వస్తువులను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచొద్దని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. పూచీకత్తుపై ఇవ్వొచ్చు. మీదేనని చూపే బిల్లులు, జీఎస్టీ ఇన్‌వాయిస్‌లు, అమ్మిన వారి గుర్తింపు కార్డు నకళ్లు ఉంటే పని సులువవుతుంది. నగదుకు కొని, పుస్తకంలో ఎక్కించని సరకును మీదని నిరూపించడం కష్టం.

ఇవి చేయొద్దు

వారెంట్ తప్పని మీకు తెలిసినా తలుపులకు అడ్డం నిలబడొద్దు. విధులకు ఆటంకం కలిగిస్తే బీఎన్ఎస్ సెక్షన్ 221, దౌర్జన్యం చేస్తే 132 కింద కొత్త కేసు వస్తుంది. అభ్యంతరం నోటితో చెప్పండి, వీలైతే జాబితా కిందే రాసి సంతకం చేయండి.

ఖాళీ కాగితంపై సంతకం పెట్టొద్దు. చదవకుండా పెట్టొద్దు. సరకును రాత్రికి రాత్రి వేరే చోటికి తరలించొద్దు. పోలీసులు రాతపూర్వకంగా పిలిస్తే మధ్యవర్తిగా వెళ్లడానికి భయపడొద్దు. కారణం లేకుండా నిరాకరించడమే నేరం. స్వతంత్ర సాక్షి అక్కడ ఉండటం సోదా ఎదుర్కొంటున్న వ్యక్తికీ రక్షణే.

లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే?

15100కి ఫోన్ చేయండి. ఇది జాతీయ న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. మిగతా వారికి ఆదాయ పరిమితి ఉంటుంది. రాజమహేంద్రవరం, ఏలూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థల్లో నేరుగా కూడా దరఖాస్తు ఇవ్వొచ్చు.

సోదా జరిగిన రోజు రాత్రే ఒక తెల్లకాగితం తీసుకోండి. ఎన్ని గంటలకు వచ్చారు, ఎంతమంది వచ్చారు, ఏ కాగితం చూపించారు, మధ్యవర్తులు ముందే ఉన్నారా తర్వాత వచ్చారా, వీడియో ఎవరు తీశారు, ఏమేం తీసుకెళ్లారు అన్నది వరుసగా రాసి తేదీ వేయండి. మీ సీసీ కెమెరా ఫుటేజీ చెరిగిపోకముందే కాపీ చేసి పెట్టండి. రేపు ఏ కోర్టుకు వెళ్లినా లాయర్ మొదట అడిగేది ఇవే.

(ఈ కథనం అవగాహన కోసమే. 2024 జులై 1 నాటికే పెండింగ్‌లో ఉన్న కేసుల్లో పాత సీఆర్‌పీసీ సెక్షన్లు వర్తించవచ్చు. మీ కేసు విషయంలో న్యాయవాదిని సంప్రదించండి.)